మనసు రాకపోయినా

(పోచారంలో ఒక సంఘపెద్ద మొదటి జ్ఞాపకార్థ కూడికలో చేసిన ఉపన్యాస పాఠం)



స్మారకోపన్యాసం అన్నాక ముందు అది ఎవరి స్మారకమో పేరు చెప్పాలి. నేను చెప్పడం లేదు. తన పేరు బండ మీద చెక్కించొద్దని, ఫ్లెక్సీ కట్టొద్దని, కరపత్రం మీద అచ్చు వేయొద్దని పెద్దాయన పోయేముందు ఇంట్లోవాళ్ళ దగ్గర మాట తీసుకున్నారు. ఈ ప్రసంగాన్ని చిన్న పుస్తకంగా వేస్తామని సంఘం అన్నప్పుడు వాళ్ళ అమ్మాయిని అడిగాను. “పేరు వేస్తే మాకు సంతోషమే అంకుల్. కానీ నాన్న వద్దన్నారు కదా” అంది. నేను ఇవాళ చెప్పదలచుకున్నదంతా ఆ అమ్మాయి ఆ రెండు మాటల్లో చెప్పేసింది.

ఆయన ఒంగోలు దగ్గరి పల్లె నుంచి బతుకుతెరువుకు వచ్చి నాచారం పారిశ్రామికవాడలో చేరారు. పనంతా షిఫ్టుల్లోనే. వరంగల్ రోడ్డు మీద ప్లాట్లు చవగ్గా దొరికిన రోజుల్లో ఇక్కడ పోచారంలో చిన్న జాగా కొనుక్కున్నారు. శనివారం రాత్రి షిఫ్టు పడితే, ఆదివారం పొద్దున ఆరింటికి ఫ్యాక్టరీ గేటు దాటి, ఉప్పల్ రింగు రోడ్డులో ఘట్‌కేసర్ బస్సు పట్టుకుని, ఇంటికి పోకుండా నేరుగా ఆరాధనకు వచ్చేవారు. చొక్కా మీద నూనె మరకలుండేవి. కాళ్ళు కడుక్కుని వెనక వరసలో కూర్చునేవారు. ప్రసంగం మధ్యలో తల వాలిపోయేది. విశ్వాస ప్రమాణం దగ్గర మాత్రం అందరితోపాటు లేచి నిలబడేవారు. “ఇంటికి పోయి పడుకోరాదా, దేవుడేమైనా అంటాడా?” అని ఒకసారి నేనే అన్నాను. “మనసొచ్చిన రోజు ఎట్లాగూ వస్తాం సార్. మనసు రాని రోజు కూడా రావాలి గదా” అన్నారు. అప్పట్లో ఆ మాట నాకు మొండితనంలాగే వినబడింది.

‘మనసు రాలేదు’ అనడం మనకెంత మామూలో చూడండి. అడగడానికి మనసు రాలేదు, ఇవ్వడానికి మనసు రాలేదు, క్షమించడానికి మనసు రాలేదు. మనసేదో దూరపు చుట్టమైనట్టు, తనకు తోచినప్పుడు వస్తుందన్నట్టు, అంతవరకూ మనం గుమ్మంలో కూర్చుని ఎదురుచూడాలన్నట్టు మాట్లాడతాం. మనకే ఇంకో పలుకుబడి కూడా ఉంది: మాట వినడం. ‘మావాడు మాట వింటాడు’ అంటే వాడి చెవులు బాగున్నాయని కాదు, చెప్పింది చేస్తాడని. హెబ్రీ భాషలోనూ ఇంతే. యూదులు రోజూ వల్లించే షెమా ప్రార్థన తొలి మాటకు వినమనీ, విన్నట్టు నడవమనీ రెండర్థాలూ వస్తాయి. ‘విధేయత’ అన్న పెద్ద మాట పుస్తకాల్లో ఉండనివ్వండి. ఈ పూటకు నాకు ‘మాట వినడం’ చాలు.

ఆదివారం మధ్యాహ్నం మన ఇళ్ళల్లో వినబడే మాటలు వేరేగా ఉంటున్నాయి. “ఇవాళ ఆరాధన ఎట్లా జరిగింది?” “చాలా బాగా జరిగింది, ఏడుపొచ్చేసింది.” లేదంటే, “ఎందుకో ఇవాళ కదిలించలేదు.” ప్రార్థన జరిగినంతసేపూ వెనక కీబోర్డు సన్నగా మోగుతుండాలి. పల్లవి పదిసార్లు తిరిగి రావాలి. లైట్లు తగ్గాలి. నేను కన్నీళ్ళను తక్కువ చేయడం లేదు. పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలు పాడుతూ కళ్ళు తుడుచుకున్న అమ్మమ్మ ఒళ్ళో పెరిగినవాణ్ణే నేను. నా బాధంతా కన్నీరు కొలత అయిపోవడం గురించి. అది వస్తే దేవుడొచ్చాడని, రాకపోతే రాలేదని తేల్చేస్తున్నాం. మంచం పట్టిన అత్తకు రాత్రంతా సేవచేసి వచ్చిన కోడలికి ఆరాధనలో ఏమీ అనిపించదు. ఒళ్ళు అలసి ఉంటుంది, అంతే. అనిపించనందుకు తన విశ్వాసంలోనే లోపముందని ఆ తల్లి కుమిలిపోతుంది. అట్లాంటి వాళ్ళు చాలామంది నాతో చెప్పుకున్నారు. ముఖ్యంగా వాళ్ళ కోసమే మాట్లాడుతున్నాను.

పెద్దాయన ఇంట్లో తాతల నాటి నుంచీ ఒక లెక్క ఉండేది. మూడు వేళ్ళు మడిచి చెప్పేవారు: ఆదివారం పనికి పోగూడదు, చచ్చిన గొడ్డును తినగూడదు, విగ్రహానికి మొక్కగూడదు. ఒంగోలు ప్రాంతపు మాదిగపల్లెల్లో విశ్వాసంలోకి వచ్చేవాళ్ళ ముందు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర పెట్టిన మూడు నియమాలివి. అమెరికా బాప్టిస్టుల తెలుగు మిషను 1836లోనే మొదలైనా ముప్పై ఏళ్ళ దాకా చెప్పుకోదగ్గ ఫలం లేదు. ఇక మూసేద్దామా అని వాళ్ళ దేశంలో చర్చలు కూడా జరిగాయి. 1866లో యెర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం తీసుకున్నారు. తోలు వ్యాపారి ఆయన, యోగ మార్గపు గురువుల దగ్గర కూర్చున్న అన్వేషకుడు. 1867 జనవరి 1న ఒంగోలులో ఎనిమిది మందితో సంఘం ఏర్పడింది.

ఆ తొలి రోజుల్లో క్లౌ దొరకు ఒక చిక్కు వచ్చింది. పై కులాల వాళ్ళు కొందరు ఆసక్తిగా ఆయన దగ్గరికి వచ్చిపోతున్నారు. వాళ్ళు చేరితే ఊళ్ళో గౌరవం, బడికి బలం. ఇంతలో మాదిగలు వచ్చారు. వీళ్ళను చేర్చుకుంటే మేం రామని వాళ్ళు తెగేసి చెప్పారు. ఏం చేయాలో తోచక దొర చేతికందిన బైబిలు తెరిస్తే, కొరింథీయులకు పౌలు రాసిన మొదటి పత్రికలో, లోకం ఘనులనుకోని వాళ్ళను దేవుడు ఎన్నుకున్నాడనే చోటు కనబడింది. అదే సమయంలో ఆయన భార్య ఇంట్లో మరోచోట మరో బైబిలు తెరిచి అదే భాగం చూస్తున్నారు. ఈ సంగతి దొరే తన జ్ఞాపకాల్లో చెప్పుకున్నారు. దీన్ని అద్భుతమని మీరు చెప్పుకుంటే నేను కాదనను. నాకు మాత్రం ఆ తర్వాత జరిగిందే ముఖ్యం. మాట విన్నారు. పై కులాల వాళ్ళు వెళ్ళిపోయారు. ఆయన వాళ్ళను పోనిచ్చారు.

మూడు నియమాలంటే వినడానికి తేలిగ్గా ఉన్నాయి. పల్లెలో వాటి అర్థమేమిటో ఒక్క క్షణం ఆలోచించండి. గొడ్డు చస్తే తీసుకుపోయి, తోలు తీసి, చెప్పులు కుట్టి, మోటకు తోలు తొండాలు చేసి ఇవ్వడం మాదిగల విధి. ఆ మాంసం వాళ్ళ తిండి. జాతర వచ్చిందంటే డప్పు కొట్టాలి. కోతల కాలంలో ఆసామి పిలిస్తే ఏ రోజైనా పోవాలి. వారంలో ఒక రోజు రానంటే, డప్పు పట్టనంటే, ఆ మాంసం ముట్టనంటే ఊరు ఊరుకుంటుందా? దెబ్బలు పడ్డాయి, పనులు పోయాయి, దారులు మూశారు. ఏ అనుభూతి వచ్చినా వాళ్ళకు ఆ తర్వాతే వచ్చి ఉంటుంది. ముందు వచ్చింది ఆకలి.

ఇక్కడ ఒక మాట నొక్కి చెప్పాలి. విధేయత అంటే మన తాతలకు కొత్తగా నేర్పాల్సిన పాఠం కాదు. వెట్టి చేసి చేసి, ఆసామి ముందు చెప్పులు చేత పట్టుకుని నడిచి నడిచి, లొంగడమంటే ఏమిటో వాళ్ళ ఒళ్ళంతటికీ తెలుసు. అందుకే ఆ మాట వింటే మన యువకుల్లో కొందరికి కడుపు రగులుతుంది, న్యాయమే. కానీ ఒంగోలు పల్లెల్లో జరిగింది చూడండి. వాళ్ళు క్రీస్తు మాట వినడమంటే ఊరి మాట వినకపోవడం. ఆదివారం పనికి పోకపోవడమనే ఒక్క ఆజ్ఞలో తరతరాల వెట్టికి ఎదురు నిలవడం ఉంది. మనుషులకంటే దేవుని మాటే వినాలని పేతురు యెరూషలేము సభ ముందు అన్నది ఎట్లాంటి ధైర్యమో, డప్పు పక్కన పెట్టిన ఆ పేరులేని మనిషిదీ అట్లాంటి ధైర్యమే.

తర్వాత 1876లో మొదలైన ధాత కరువు. రెండేళ్ళపాటు జనం పిట్టల్లా రాలిపోయారు. క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ పని కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించారు. బోధకులే మేస్త్రీలు. పార పట్టి తవ్వేవాళ్ళు పొద్దస్తమానం వాళ్ళ బోధ వినేవాళ్ళు. బాప్తిస్మం ఇమ్మని అడిగారు. ఆయన ఇవ్వలేదు. కూలి కోసం వస్తున్నారో క్రీస్తు కోసం వస్తున్నారో తేలేదాకా ఆగాలని పదిహేను నెలలు ఒక్కరికి కూడా ఇవ్వలేదు. కళ్ళెదుట అంతమంది అడుగుతుంటే ఏ బోధకుడి మనసు ఆగుతుంది? లెక్కలు చూపించుకోవడానికి అంతకంటే మంచి అదను ఎవరికి దొరుకుతుంది? ఆయన ఆగారు. 1878 నడిమికి కరువు సాయం అయిపోయాక, ఇవ్వడానికి ఇక నా దగ్గర డబ్బు లేదు, ఇళ్ళకు పొమ్మన్నారు. వాళ్ళు పోలేదు. సాయం వద్దన్నారు. పని చేశామనడానికి గుర్తుగా చేతుల మీది బొబ్బలు చూపించారు. ఈ పంట కూడా పోతే చస్తాం, చచ్చేది క్రైస్తవులుగా చస్తాం అన్నారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా నీళ్ళలో నిలబడి ఇచ్చారు.

ఆ అంకెను మనం గొప్పగా చెప్పుకుంటాం. దానికి ముందున్న పదిహేను నెలలను వదిలేస్తాం. నాకైతే ఆ పదిహేను నెలలే ఆరాధన.

ఇట్లా మాట వినడం ఒంగోలులోనే కాదు, మన దగ్గరా ఉంది. మన ఘట్‌కేసర్ స్టేషను మీదుగా పోయే పట్టాలే కాజీపేట దాటి డోర్నకల్ చేరతాయి. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పుగా అభిషిక్తుడైన అజరయ్య గారు అక్కడ, బాప్తిస్మం పొందినవాళ్ళ చేత తమ తల మీద తమ చెయ్యే పెట్టించి, నేను బాప్తిస్మం పొందాను, సువార్త చెప్పకపోతే నాకు శ్రమ తప్పదు అని పలికించేవారు. మనసులో ఏమనిపిస్తోంది అని అడగలేదు. చెయ్యి తల మీద పెట్టమన్నారు. ఇంకా దగ్గరగా కావాలంటే గోల్కొండ చౌరస్తాలోని హెబ్రోను ప్రార్థనామందిరానికి వెళ్ళండి. 2000లో ప్రభువులో నిద్రించిన భక్తసింగ్ గారు అలవాటు చేసిన ప్రేమవిందు ఉంది చూశారూ, ఆరాధన అయ్యాక అందరూ కింద బారుగా కూర్చుని కలిసి తినడం. ఏ కులం మనిషి పక్కన ఏ కులం మనిషి కూర్చుంటాడో ఎంచుకోవడానికి లేదు. మొదట్లో ఎందరికి ముద్ద దిగలేదో దేవుడికే తెలుసు. కూర్చుని తిన్నారు.

డప్పు సంగతి ఇంకా మిగిలి ఉంది. పెద్దాయన తాత విశ్వాసంలోకి వచ్చిన రోజు డప్పును చూరుకు వేలాడదీసి మళ్ళీ ముట్టలేదట. కొన్నేళ్ళ కింద మన యౌవనస్తులు క్రిస్మస్ కార్యక్రమానికి డప్పులు తెచ్చారు. వాళ్ళకు డప్పు గర్వం, గుర్తింపు. మొదటి దెబ్బ పడగానే పెద్దాయన లేచి బయటికి వెళ్ళిపోయారు. నేను వెనకాలే వెళ్ళాను. గోడకు ఆనుకుని నిలబడి ఉన్నారు. చేతులు వణుకుతున్నాయి. “మా తాతను ఆ చప్పుడు కోసమే కొట్టారు సార్” అన్నారు. అంతకుమించి మాట్లాడలేదు. వారం గడిచాక సంఘపెద్దల సమావేశంలో కొందరు డప్పు మాన్పిద్దామన్నారు. ఆయన కోసమే అన్నారు. ఆయన బైబిలు తెరిచి 150వ కీర్తన చదివారు. వాయిద్యాల పేర్లన్నీ చదివాక, “తోలు వాయిద్యం దేవుడికి పనికిరాదని ఇందులో లేదు. నాకు బాధగా ఉంటది, అది నా సంగతి. పిల్లల్ని వాయించనీయండి” అన్నారు. తర్వాతి క్రిస్మస్‌కు ముందు వరసలో కూర్చున్నారు. నవ్వుతూ కూర్చున్నారని అబద్ధం చెప్పను. కూర్చున్నారు.

ఇట్లాంటి మనిషి గురించి చెబుతూ మాట వినడాన్ని పొగిడితే, రేపు ఎవరో ఒకరు దాన్ని కొట్టే కర్రగా చేసుకుంటారని నాకు భయం. అందుకే చెబుతున్నాను. భర్త కొడుతున్నా లోబడి ఉండమని ఏ చెల్లెలికైనా ఎవరైనా చెబితే, అది దేవుని మాట కాదు. వినొద్దు. ఒక సంఘంలో, అది ఎక్కడో ఇక్కడ అనవసరం, కట్టడపు నిధి రసీదుల మీద ముందుగానే సంతకాలు పెట్టమని కాపరి అడిగితే, దైవసేవకుడి మాట కాదనకూడదని అందరూ పెట్టేశారు. అప్పట్లో అక్కడ సభ్యుడిగా ఉన్న పెద్దాయన కాగితం తిరిగి ఇచ్చేశారు. “లెక్క రాసి ఇవ్వండి అయ్యగారూ, చదివి పెడతాను.” ఆ తర్వాత చాన్నాళ్ళు ఆయన్ను ప్రార్థన చేయమని ఎవరూ పిలవలేదు. ఆ రోజు కూడా ఆయన మాట వింటూనే ఉన్నారు, ఎవరి మాట అన్నదే తేడా.

మళ్ళీ మనసు సంగతికి వస్తే, మన మెదక్ డయోసీసుకు పునాది వేసినవాళ్ళు వెస్లియన్ మెథడిస్టులు. 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠ జరిగిన మెదక్ కథీడ్రల్ కట్టించిన చార్లెస్ పాస్నెట్ గారు ఆ సంప్రదాయం వారే. మెథడిస్టులంటే అందరికీ జాన్ వెస్లీ గుండె వెచ్చబడిన రాత్రి గుర్తొస్తుంది: 1738 మే 24, లండన్‌లో ఆల్డర్స్‌గేట్ వీధి. దాని మీద ప్రసంగాలు నేను లెక్కలేనన్ని విన్నాను. కానీ ఆ సాయంత్రం ఆ కూడికకు చాలా అయిష్టంగా వెళ్ళానని వెస్లీ స్వయంగా తన దినచర్యలో రాసుకున్నారు. ఆ సగం ఎవరూ చెప్పరు. మనసు వెచ్చబడింది, నిజమే. మనసు రాకుండా కాళ్ళు అక్కడికి వెళ్ళిన తర్వాత. ద్రాక్షతోటకు పోనని చెప్పి, తర్వాత పోయిన కొడుకు కథను యేసుప్రభువు ఊరికే చెప్పలేదు. అంతెందుకు, గెత్సేమనే తోటలో ఈ గిన్నె తొలగించమని ఆయనే అడిగాడు. ఇష్టంగా ఉన్నట్టు నటించలేదు.

వెచ్చదనం ఎప్పటికీ రాకపోతే? దీనికి నా దగ్గర తేలికైన జవాబు లేదు. మదర్ థెరిసా 1997లో చనిపోయారు. పదేళ్ళకు ఆమె ఉత్తరాలు పుస్తకంగా వచ్చాయి. దేవుని సన్నిధి తెలియని చీకట్లో ఆమె దాదాపు యాభై ఏళ్ళు గడిపారని, ఆ సంగతి తన ఆత్మీయ సలహాదారులకు రాసుకున్నారని అప్పుడే చాలామందికి తెలిసింది. ఆ యాభై ఏళ్ళూ తెల్లవారకముందే లేచి ప్రార్థించారు, వీధుల్లో పడి ఉన్నవాళ్ళను ఎత్తుకొచ్చారు. ఆమెకు విశ్వాసం లేదని కొందరు పత్రికల్లో రాశారు. నేను ఆ ఉత్తరాల గురించి చదివి రెండు రోజులు నిద్రపోలేదు. మూడో రోజు 88వ కీర్తన తీశాను. చీకటితోనే ముగిసిపోయే కీర్తన అది, వెలుగు లేదు, కృతజ్ఞత లేదు. అయినా దాన్ని ఎవరూ కీర్తనల్లోంచి తీసేయలేదు. దేవాలయంలో పాడుకోవడానికే ఉంచారు.

ఇక పెద్దాయన, ఆయన తమ్ముడి సంగతి. ఇద్దరూ కలిసి అన్నోజిగూడ వైపు జాగా కొన్నారు. ఇన్ఫోసిస్ వచ్చి ఇక్కడి భూముల ధరలు ఎగబాకాక హద్దు రాయి దగ్గర గొడవైంది. ఎవరిది న్యాయమో నాకిప్పటికీ తెలియదు. మాటలు ఆగిపోయాయి. ఒక శనివారం రాత్రి పెద్దాయన మత్తయి సువార్త ఐదో అధ్యాయం చదువుతూ ఒక చోట ఆగారు. నాకు ఫోన్ చేసి అడిగారు: “బలిపీఠం దగ్గర కానుక వదిలేసి పోయి సమాధానపడమన్నాడు గదా సార్. నీకు సోదరుడి మీద కోపముంటే అని లేదు. సోదరుడికి నీ మీద ఏమైనా ఉంటే అని ఉంది. నా కోపం ఊసే లేదు ఇందులో.” నిజమే. వేదాంతం చదివిన నేను అంతకుముందు గమనించలేదు.

మర్నాడు నెల మొదటి ఆదివారం, ప్రభు సంస్కారపు బల్ల ఉండే రోజు. తెల్లవారగానే తమ్ముడి గేటు ముందు నిలబడ్డారు.

“ఎందుకొచ్చావ్?” తమ్ముడు గేటు తీయలేదు.

“గుడికి పోతున్నాను రా. ముందు నిన్ను చూసి పొమ్మన్నాడు.”

“ఎవరు?”

“ప్రభువు.”

తమ్ముడు లోపలికి వెళ్ళిపోయాడు. పై నెల మొదటి ఆదివారం మళ్ళీ వెళ్ళారు. ఏడు నెలలు అదే వరస. గేటు దగ్గర ఐదు నిమిషాలు నిలబడటం, రావడం. ఎనిమిదో నెల మరదలు చెంబుతో మంచినీళ్ళు తెచ్చి గేటు మీంచి అందించింది. తొమ్మిదో నెల గేటు తీశారు. హద్దు రాయి ఎటు జరిగిందో ఇద్దరూ ఎవరికీ చెప్పలేదు. “అప్పటికి కోపం పోయిందా?” అని అడిగాను. “లేదు సార్. అది పోవడానికి ఇంకో రెండేళ్ళు పట్టింది” అన్నారు.

చివరి రోజుల్లో పెద్దాయనకు జ్ఞాపకం పోయింది. నన్ను చూసి “ఎవరు బాబూ?” అనేవారు. చిన్నప్పటి నుంచీ పాడిన కీర్తనలు నోటికి రాలేదు. ప్రతి నెలా మొదటి ఆదివారం తమ్ముడే ఆటోలో తీసుకొచ్చి, జబ్బ పట్టుకుని బల్ల దాకా నడిపించేవాడు. ఇద్దరూ పక్కపక్కన మోకరించేవారు. మోకరించడానికి ఆయనకు చాలాసేపు పట్టేది, వెనకవాళ్ళు ఆగేవారు. అయ్యగారు రొట్టె పట్టుకుని దగ్గరికి వచ్చేసరికి ఆయన చేతులు వాటంతటవే లేచేవి, ఎడమ అరచేతి మీద కుడి అరచెయ్యి.